ఫిరంగిని లాగిన బండి
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



పుస్తకముల పండుగనాడు బండిని గూర్చి, అందును ఫిరంగిని మోయు బండిని గూర్చి ఉపన్యాసమేమని కొందఱికి తోచవచ్చును. గ్రంథాలయమునకును బండికిని చుట్టరికము లేకపోలేదు. 1931లో తంజావూరు సీమలోని మన్నారుగుడిలో పుస్తకములను ఎడ్లబండి కెక్కించి పల్లెలకు పంపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. పుస్తకమైనను ఫిరంగియైనను కదలించు సాధనము లేనిచో ఉన్నచోటనే పడియుండును. పెద్ద ఫిరంగులపై పోత పోసినవాని పేరును, పోయించిన ప్రభువు పేరును చెక్కించుట వాడుక. దానిని కోసులకొలది నడిపించిన చక్రములను చేసిన వడ్రంగి పేరు మాత్రము ఎచ్చటను కానరాదు. ఈ ప్రసంగము ఆ వడ్రంగి పనిని గూర్చినది.

ఇందులకు ప్రస్తుతావసరము కూడ నొకటి కలదు. బొబ్బిలి యుద్ధమును నాటకముగా నాడువారికిని, పాఠశాల ప్రదర్శనములకు వస్తువులు చేయు బాలురకును నమూనా ఫిరంగి యొకటి కావలసివచ్చును. గొట్టమును చేయుట అంత కష్టము కాదు. గుండ్రని దుంగను చిత్రికపట్టి నల్లరంగు పూసినను సరిపోవును, లోహముతో చేయువారును కలరు. చేసిన దానిని పొరుగూరికి చేర్చుటలోనే చిక్కంతయు నున్నది. నలుగురు కూడి భుజముల కెత్తుకొందురు. లేదా ఏ ట్రాక్టరు తొట్టిలోనో పడవేయుదురు. దారిలో చెవి యొకటి విఱుగును, చక్రమొకటి ఊడును. ఫిరంగిని చేసినవాడు దానికి తగిన బండిని కూడ చేసికొనుట మేలు. అట్టి బండిని ఇంటివద్దనే చేయవచ్చును. అయితే పూర్వులు నిజమైన ఫిరంగులను ఎట్లు లాగిరో ముందుగా కొంత తెలిసియుండవలెను.

ఫిరంగి యను మాట మనది కాదు. ఫ్రాంకులను పారసీకులు ఫరంగీలనిరి. వారితో వచ్చిన ఆయుధమునకును ఆ పేరే నిలిచినది. తోపు అనునది తురుష్కుల మాట. లంక కోటపై నుండెనని చెప్పబడిన శతఘ్నులు ఫిరంగులేయని వాదించు ఉత్సాహవంతులు కలరు గాని, ఆ మాట నమ్మదగినది కాదు. శుక్రనీతి యను సంస్కృత గ్రంథమున మాత్రము నాళికములు రెండు విధములని యున్నది. చిన్నదానిని కాలిబంటు మోయును. పెద్దదానిని శకటాదులు మోయవలెను. తుపాకిమందు ప్రస్తావన యుండుటచేత ఈ గ్రంథము, లేక అందలి ఆ భాగము, ఇటీవలిదని పండితులలో పలువురి యభిప్రాయము. ఎప్పటిదైన నేమి, ఆ గ్రంథకర్తకు ఒక సంగతి బాగుగా తెలియును: పెద్ద ఫిరంగి యనగానే పక్కన శకటమును చెప్పవలసినదే.

1526లో పానిపట్టు రణరంగమున బాబరు సుమారు ఏడువందల బండ్లను పచ్చితోలు మోకులతో ఒకదానికొకటి బంధించి వరుసగా నిలిపెను. అచట బండి మోయుటకే గాక కోటగోడగా కూడ పనికివచ్చినది. ఔరంగజేబు 1664 చివర కాశ్మీరమునకు బయలుదేరినపుడు వెంటనున్న బెర్నియరు అను ఫ్రెంచి వైద్యుడు ఫిరంగుల ప్రయాణమును కన్నులార చూచి వ్రాసెను. డెబ్బది పెద్ద ఫిరంగులు, అధికభాగము కంచువి. వానిలో కొన్నిటికి ఇరువది జతల ఎద్దులు కట్టవలసివచ్చెను. చక్రములు బురదలో దిగబడినపుడును, మిట్ట ఎక్కవలసినపుడును ఏనుగులు తలలతోను తొండములతోను వెనుకనుండి నెట్టెడివి. చక్రవర్తి వెంట నడుచు చిన్న ఫిరంగులు మాత్రము రంగులు వేసిన అందమైన బండ్లపై, ఒక్కొక్కటి రెండేసి గుఱ్ఱములతో సాగెడివి. ఒకే సేనలో ఈ రెండు విధములును కలిసి నడచినవి.

ఆ చక్రవర్తియే 1687లో గోలకొండకు వచ్చెను. ముట్టడి ఎనిమిది నెలలు నడచినది. వానలు కురిసి, మంజీర పొంగి, ధాన్యపు బండ్లు నిలిచిపోయి మొగలు శిబిరమున ఆకలి ప్రబలెను. ఫిరంగులను నిలుపుటకు కట్టిన మట్టి దిబ్బలు వానకు కరిగిపోయెను. అంత గొప్ప తోపుఖానా బురదముందు బలహీనమయ్యెను. తుదకు సెప్టెంబరులో కోటలోనివాడొకడు లంచమునకు లోబడి తలుపు తెఱచుటచేత గోలకొండ పడినది గాని గోడలు కూలి కాదు. ఫతే రహ్‌బర్ అను నాటి ఫిరంగి నేటికిని పెట్లబురుజుపై నున్నది. చూడబోవువారు దాని నోటిలోనికి తొంగిచూచి వచ్చెదరు. దానిని అంత యెత్తునకు ఎట్లు చేర్చిరో ఆలోచించువారు తక్కువ.

మన దిక్కునకు వత్తము. 1756 వానకాలమున హైదరాబాదులో చిక్కుపడిన బుస్సీకి సాయముగా లా అను సేనాని బందరునుండి ఫ్రెంచి దళమును నడిపించి ఆగస్టులో చేర్చెను. వానలలో కృష్ణాతీరపు రేగడి ఎట్లుండునో ఈ సభలోనివారికి వర్ణించి చెప్పనక్కఱలేదు. మఱుసటి సంవత్సరము, 1757 జనవరి 24న బుస్సీ సేన బొబ్బిలి కోట ముందు నిలిచినది. ఆ కథను బుఱ్ఱకథలలో విననివారు లేరు. తాండ్ర పాపారాయుని పేరెత్తినంతనే పిల్లలు కూడ చెవులు నిక్కింతురు. ఆ కథలో ఫిరంగి మ్రోతలు వినవచ్చును గాని ఇరుసుల కిఱకిఱ వినరాదు. అడవి చుట్టుకొన్న ఆ దుర్గము ముందునకు ఫిరంగులను లాగి తెచ్చినవి ఈ దేశపు ఎద్దులే.

ఆ ఎద్దులలోను తారతమ్యము కలదు. మైసూరు ప్రభువులు పెంచిన అమృతమహలు జాతి వేగమునకు ప్రసిద్ధి. హైదరు, టిప్పు తమ ఫిరంగులకు వానిని కట్టిరి. టిప్పు పడిన పిదప ఆంగ్లేయులు ఆ మందను వదలక తామే పోషించిరి. మన ఒంగోలు గిత్త బరువునకు పుట్టినది. 1795లో రేమండు అను ఫ్రెంచి సేనాని నిజాము కొఱకు హైదరాబాదులో ఫిరంగుల పోతశాలను పెట్టెను. తోప్‌కా సాంచా యని జనులు పిలిచిన ఆ స్థలమును నేటికిని గన్‌ఫౌండ్రీ యందురు. 1798 మార్చిలో రేమండు మరణించెను. అక్టోబరులో అతని దళమును ఆంగ్లేయులు నిరాయుధముచేసిరి. పోతశాల పేరు పేటకు మిగిలినది. బండిశాల పేరు ఏ పేటకును రాలేదు.

ఇక నమూనా మాట.

కొలతలు తగ్గించినపుడు అన్నియు ఒకే పాళ్లలో తగ్గవు. దీనిని 1638లో అచ్చయిన గ్రంథమున గెలీలియో స్పష్టముగా చూపెను. పొడవును సగము చేసినచో వెడల్పును ఎత్తును కూడ సగమగును. కావున బరువు ఎనిమిదవ వంతునకు దిగును. ఉదాహరణకు ఆంగ్ల సేనలు వాడిన తేలికరకపు ఆఱు పౌనుల కంచు ఫిరంగిని తీసికొందము. ఆఱు పౌనులనునది గుండు బరువు. గొట్టము 5 అడుగుల పొడవు, 672 పౌనుల బరువు, అనగా సుమారు 305 కిలోలు. దానిని సగము కొలతకు చేసినచో గొట్టము 38 కిలోలగును. మూడవ వంతునకు చేసినచో 11 కిలోలకు కొంచెము పైన. నాలుగవ వంతునకు చేసినచో ఐదు కిలోలు కూడ లేదు. పిల్లవాడు చంకన పెట్టుకొని పోవచ్చును. బండి కావలసినది సగము కొలత ఫిరంగికి. దాని సొంత చక్రములు, దిమ్మె కలిసి నూఱు కిలోలకు అటునిటు తూగును.

అయితే దానికి చక్రములున్నవి గదా, దానినే లాగికొనిపోరాదా యని అడుగవచ్చును. ఇక్కడనే అసలు సంగతి యున్నది. ఫిరంగిని తగ్గించితిమి గాని బాటను తగ్గింపలేదు. దారిలోని రాయి మునుపటి రాయియే. నిజమైన ఫిరంగి చక్రము 5 అడుగులు, అనగా 60 అంగుళముల నిలువు. దాని కడ్డముగా మూడంగుళముల రాయి వచ్చినచో, దానిపైకి ఎక్కించుటకు ఇరుసువద్ద అడ్డముగా లాగవలసిన బలము మోతబరువులో ఇంచుమించు సగము. సగము నమూనాలో చక్రము 30 అంగుళములు; అదే రాయికి బరువులో ముప్పాతిక భాగము బలము కావలెను. పావు నమూనాలో చక్రము 15 అంగుళములు. అప్పుడు బరువునకు ఒకటింబాతిక కంటె ఎక్కువ బలము కావలెను, అనగా లాగుటకంటె ఎత్తి దాటించుటయే సులువు. లంబకోణ త్రిభుజపు లెక్క తెలిసిన ఏ పాఠశాల బాలుడైనను దీనిని పలకపై సరిచూచుకొనవచ్చును. కాబట్టి ఫిరంగి నమూనాగా నుండవచ్చును గాని దానిని మోయు బండి నమూనాగా నుండరాదు. అది మన బాటకు సరిపడు నిజమైన బండి కావలెను.

సగము కొలత ఫిరంగికి మూడున్నర అడుగుల చక్రములు చాలును. ఆ రాయి వచ్చినపుడు బరువులో అఱువది పాళ్లతో గడచిపోవును. అంతకంటె పెద్దవి చేసినచో బల్ల ఎత్తై ఎక్కించుట కష్టమగును.

చక్రమునకు నడుమ కుండ, దానినుండి ఆకులు, వానిపై పూటీలు, అన్నిటిపై ఇనుపపట్టా. వేదకాలమువారు వీనినే నాభి, అరములు, నేమి యనిరి. పేర్లు మాఱినవి గాని అమరిక మాఱలేదు. పండ్రెండు ఆకులు, ఆఱు పూటీలు, ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులు. ఇది చక్కగా కుదురును. కుండకును పూటీలకును నల్లతుమ్మను మించినది లేదు. పచ్చికఱ్ఱను వాడినచో ఎండకు పగులును. అందుచేతనే మన వడ్రంగులు తుమ్మ మొద్దులను నెలల తరబడి చెఱువులో నాననిచ్చి, పిదప నీడన ఆరబెట్టుదురు. ఆ పని చూచి ఎదుగూబొదుగూ లేని సోమరితనమని నవ్వినవారి బండ్లు రెండేండ్లలో వదులైనవి. ఇరుసునకు చిరుమాను. ఈ వృక్షమునకు ఆంగ్లేయులు ఇరుసు కఱ్ఱ యనియే పేరు పెట్టిరన్నచో దాని గుణము వేఱుగ చెప్పనేల! బల్లకు మద్దియో టేకో చాలును. అడవి మనకు దగ్గఱనే యున్నది గదా యని గొడ్డలి భుజాన వేసికొని బయలుదేరరాదు. పాత ఇంటి దూలము, పనికిరాని బండి నొగ, అడితిలో మిగిలిన ముక్కలు ఇంతటి పనికి చాలును.

ఫిరంగి చక్రములలో ఆకులను కుండలో నిలువుగా గాక కొంచెము బయటికి వాలునట్లు నాటెడివారు. ప్రక్కనుండి చూచినచో చక్రము లోతులేని పళ్లెమువలె కనబడును. ఎద్దులు అడుగుడుగునకు అటునిటు ఊగును. ఆ ఊపు ఇరుసు మీదుగా కుండను బయటికి త్రోయును. పళ్లెపు వంపు ఆ త్రోపును ఓర్చును. ఇరుసు కొనను కొంచెము క్రిందికి వంచినచో భూమిని తాకు ఆకు నిట్టనిలువుగా నుండి బరువును మోయును. మనుష్యులు లాగు చిన్న బండికి ఈ వంపు స్వల్పముగా నున్నను చాలును.

పట్టా వేయుట చూడదగిన పని. మూడున్నర అడుగుల చక్రము చుట్టుకొలత 132 అంగుళములు. ఇనుమును 500 డిగ్రీలు వేడిచేసినచో అంత పొడవు పట్టా ముప్పాతిక అంగుళమునకు కొంచెము పైగా సాగును. కమ్మరి పట్టాను చక్రముకంటె అర అంగుళము తక్కువగా కత్తిరించి అతుకును. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, పటకారులతో ఎత్తి చక్రముపై దించి, సమ్మెటతో సర్ది వెంటనే నీరు పోయును. ఇనుము ముడుచుకొని పూటీలను ఆకులపైకి, ఆకులను కుండలోనికి బిగించును. ఆ క్షణమున ప్రతి కీలును టకటక పలుకును. మేకు లేకయే చక్రము ఏకశిలవలె నగును. అర అంగుళమునకు బదులు అంగుళము తగ్గించినచో పట్టా ఎక్కదు. పావు తగ్గించినచో వేసవిలో వదులగును. ఈ లెక్కను ఏ పుస్తకమునను చదువని కమ్మరి తన చేతిచక్రమును పట్టాపై దొర్లించి నిర్ణయించును. అది తప్పిన సందర్భములు అరుదు.

ఈ సందర్భముననే చెప్పవలసిన మాట యొకటి. ఊరిలోని ప్రతి సెంటు భూమికిని పహాణీలో వరుస యున్నది. వందలయేండ్లు ఆ భూమి పంటను మోసిన బండి చక్రమునకు మాత్రము ఏ లెక్కయు లేదు. కొయ్యచక్రము పోయి టైరుబండి వచ్చినది, టైరుబండిని ట్రాక్టరు తోసివేసినది. 2022లో కొత్తగూడెమునుండి సత్తుపల్లికి వేసిన ఇనుపదారిపై నేడు బొగ్గు పోవుచున్నది. ఇందులో విచారింపవలసినది లేదు. ఎద్దు మెడకు విశ్రాంతి దొఱకినది. కాని పెరళ్లలో, పశువుల కొట్టముల వెనుక పాతచక్రము లింకను కొన్ని ఆనించి యున్నవి. ఆకులెన్ని, కుండ చుట్టుకొలత యెంత, ఏ కఱ్ఱ, ఏ వాలు అనునవి కొలిచి గ్రంథాలయమున నొక నోటుపుస్తకములో వ్రాసిపెట్టవచ్చును. కొలుచునపుడు అంగుళముల టేపునే వాడవలెను. వడ్రంగి జాన అతని చేతితోనే పోవును. పైగా ఒక వడ్రంగి జాన మఱియొకని జానతో ఎన్నడును కలియదు. చేసినవారు బ్రతికియుండగనే అడిగి వ్రాసికొన్నచో కొలతతోపాటు కారణమును దొఱకును. వారు పోయిన తరువాత కొలత యొక్కటియే మిగులును.

మరల బండికి వత్తము. బల్ల లోపలి వెడల్పు మూడడుగులు, పొడవు ఆఱడుగులు. ముందునకు నొగలు సాగి, ఇరుసునుండి ఏడడుగుల దూరమున అడ్డకఱ్ఱ యుండవలెను. ఫిరంగిని సరిగా ఇరుసుపైననే పెట్టరాదు. వెనుకకు అసలే పెట్టరాదు. వెనుక బరువైనచో మిట్ట ఎక్కునపుడు నొగలు గాలిలోనికి లేచి లాగువానిని వ్రేలాడదీయును. బరువు నడిమి తూకమును ఇరుసునకు నాలుగంగుళములు ముందుగా నిలిపినచో, నూఱు కిలోల మోతకు అడ్డకఱ్ఱవద్ద ఐదు కిలోల బరువు మాత్రమే చేతికి తగులును. ఇద్దఱు పంచుకొన్నచో అది బరువే కాదు. ఈ స్థానమును తెలిసికొని బల్లపై సుద్దతో గీత గీచి, గీతవద్ద అడ్డముగా దిమ్మెలను బిగించినచో ప్రతిసారి వెదుకనక్కఱలేదు.

ఎక్కించుటకు రెండు పలకలు కావలెను. బల్ల భూమికి రెండడుగుల ఎత్తున నుండును. పలకలు ఎనిమిది అడుగులవైనచో వాలు నాలుగింట ఒకటి. అప్పుడు నూఱు కిలోల ఫిరంగికి సుమారు ఇరువదియైదు కిలోల లాగుడు, దానిపై కొంత రాపిడి. ఇద్దఱు పైనుండి త్రాటితో లాగుచుండగా మూడవవాడు చక్రముల వెనుక చెక్కముక్కను అడుగడుగునకు జరుపుచుండవలెను. ఆ మూడవవాడే ముఖ్యుడు. త్రాడు తెగినను, చేయి జారినను ఫిరంగి చెక్కముక్కపై నిలుచును. అది లేనిచో కాలిపై నిలుచును. ఎక్కిన పిదప గొట్టపు చెవులవద్ద, అనగా ఇరువైపుల పొడుచుకొనివచ్చిన ఆ మొలకలవద్ద, త్రాడు వేసి కట్టరాదు; విఱుగునవి అవియే. దిమ్మెకును ఇరుసునకును కట్టవలెను.

పల్లములో ఎట్లు? నెపోలియను 1800లో ఆల్ప్సు పర్వతములను దాటునపుడు గొట్టములను చక్రములనుండి విప్పించి, తొలిచిన చెట్టు మొద్దులలో పెట్టించి మంచుపై మనుష్యులచేత లాగించెను. ఎక్కుటకు ఉపాయము దొఱికిన పిదప దిగుటకు మఱియొకటి కావలసివచ్చును. మన బండికి వెనుకవైపు రెండు మోకులు కట్టి ఇద్దఱిని నిలిపినచో చాలును. వారు ముందువారికంటె బలవంతులై యుండవలెను. లోకములో సాధారణముగా దీనికి విరుద్ధముగా జరుగును. బలవంతుడు ముందు నిలిచి జబ్బ చఱచుకొనును, వెనుక మోకు పిల్లల చేతికి వచ్చును.

నాటకపు ఫిరంగి నోటిని కొయ్యబిరడాతో శాశ్వతముగా మూసివేయుట మంచిది. మందు దట్టించి నిజముగా పేల్చవలెనను కోరిక ఎవరికో ఒకరికి పుట్టకపోదు. అతికిన గొట్టము ఆ వేడికి ఆగదు; 1959 నాటి ఆయుధముల చట్టమును దానిని ఒప్పుకొనదు. మ్రోత కావలసినచో తెరవెనుక డోలు చాలును.

కందెన విషయము చివఱకు మిగిలినది. వరిగడ్డిని కాల్చిన మసిని ఆముదముతో నూఱి చేసిన పాతకాలపు కందెన కొయ్య ఇరుసునకు నేటికిని తగినది. ఇనుప కడియము వేసిన కుండకైనచో అంగడిలో దొఱకు గ్రీజు పూయవచ్చును. బయలుదేరుటకు ముందు చక్రము నొకమాఱు ఎత్తి త్రిప్పి చూడవలెను. కిఱ్ఱుమన్నచో కందెన చాలలేదు, అటునిటు కొట్టుకొన్నచో సీల వదులైనది. సీలను వెదురుతో చేయరాదు, సండ్రతో చేయవలెను. విడిసీల నొకదానిని నొగకు త్రాటితో కట్టి యుంచవలెను. ఊరు చేరి బండిని నిలిపినపుడు నొగల క్రింద పోటుకఱ్ఱ పెట్టి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు వేసి, ఆ తరువాతనే కట్లు విప్పవలెను.